క్రైస్ట్స్ హాస్పిటల్

ఆంగ్లదేశమున ససెక్స్ మండలమందలి హార్షమ్ పట్టణసమీపమున నున్న పురాతన విద్యాలయము. లండనునందలి నిరుపేద బాలలకు అన్నవస్త్రములును విద్యయు నొసగుటకై నగరపౌరులు 1552లో న్యూగేటు వీథియందలి గ్రేఫ్రయర్స్ మఠభవనములలో దీనిని నెలకొల్పగా, ఆరవ ఎడ్వర్డు రాజు తన మరణమునకు కొలదిదినములు మాత్రమే ముందుగా, 1553 జూనులో, శాసనపత్రము ననుగ్రహించెను. నౌకాయానమునకు వలయు గణితము నేర్పుటకై రెండవ చార్లెసు 1673లో ఇందొక శాఖను స్థాపించెను.

అయినను ఈ పాఠశాలకు శాశ్వతకీర్తి సాహిత్యమువలననే కలిగినది. కవియగు కోల్‌రిడ్జియు వచనరచయితయగు చార్లెసు లాంబును ఇచ్చట సహాధ్యాయులు. ఉపాధ్యాయుడగు జేమ్సు బోయరు దండనమున నిర్దయుడే. కాని శబ్దాడంబరమును లేశమైనను సహింపక, ఉత్తమకవిత్వమునకును శాస్త్రమునకువలెనే కఠినమైన తర్కము కలదని బోధించిన ఆ గురువును కోల్‌రిడ్జి 1817లో ప్రకటించిన ‘బయోగ్రాఫియా లిటరేరియా’లో కృతజ్ఞతతో స్మరించెను. లాంబు నత్తి కారణమున, విశ్వవిద్యాలయమునకు దారితీయు ఉన్నతశ్రేణికి చేరలేకపోయెను. అట్టి వచనశిల్పికి విశ్వవిద్యాలయప్రవేశము లభింపకపోవుట మిక్కిలి శోచనీయము.

1902లో బాలుర పాఠశాల హార్షమునకు తరలినది. హార్ట్‌ఫర్డునందున్న ఈ విద్యాలయపు శాఖలోని బాలికలు 1985లో వచ్చి చేరిరి. నీలపు నిలువుటంగీ, పసుపుపచ్చని మేజోళ్లు, మెడకు తెల్లని పట్టీలు గల ట్యూడరు కాలపు వేషమునే విద్యార్థులు నేటికిని ధరించి, వాద్యమేళము ననుసరించి మధ్యాహ్న భోజనశాలకు బారులుదీరి నడతురు. వారిలో అధికసంఖ్యాకులకు కుటుంబపు ఆదాయము ననుసరించి శుల్కమున రాయితీ లభించుచున్నది.