బాయి కాగితాలు, బడి అక్షరాలు: రామకృష్ణాపూర్ నుంచి వచ్చే టీచర్ల అక్షర జీవితం

కాజీపేట–బల్లార్షా రైలు మార్గంలో మంచిర్యాల దాటగానే వచ్చే స్టేషన్ పేరు రవీంద్రఖని. దిగి ఊళ్లోకి నడిస్తే సింగరేణి బొగ్గు కంపెనీ బోర్డుల మీద రామకృష్ణాపూర్ అని ఉంటుంది. ఇంటిపన్ను రసీదు మాత్రం 2018లో ఏర్పడిన క్యాతనపల్లి మున్సిపాలిటీ పేరుతో వస్తుంది. జనం నోట ఆర్కేపీ. ఇక్కడ పుట్టిన పిల్లకు ఏ కాగితం మీద ఏ పేరు రాయాలో తెలియడం కూడా చదువులో భాగమే. ఆ పిల్ల రేపు డీఎడ్, బీఈడీ చేసి, టీచర్ కొలువుల డీఎస్సీ పరీక్ష రాసి తరగతి గదిలోకి వెళ్లేటప్పుడు వెంట ఏం తీసుకెళ్తుందన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

ఉపాధ్యాయ శిక్షణలో వ్యక్తిగత అక్షరాస్యత ప్రస్తావన వస్తే సాధారణంగా చదివిన పుస్తకాల జాబితా అడుగుతాం. పుస్తకాల బీరువా లేని ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు అక్కడే ఆగిపోతారు. ఆ ప్రశ్నే తప్పని నా వాదన. ఒక మనిషికి చదువుతో, రాతతో ఉన్న చనువు, భయం, నమ్మకం, అనుమానం అన్నీ కలిస్తేనే ఆ మనిషి అక్షర జీవితం. బొగ్గుబాయి ఇళ్లలో దాన్ని మలిచింది కథల పుస్తకాల కంటే ఎక్కువగా కంపెనీ కాగితాలు.

అమెరికా పరిశోధకురాలు షర్లీ బ్రైస్ హీత్ 1983లో ప్రచురించిన ‘వేస్ విత్ వర్డ్స్’ ఇందుకు దగ్గరి దారి చూపిస్తుంది. కరోలినా ప్రాంతంలో బట్టల మిల్లుల మీద బతికే రెండు కార్మికవాడల్లో పిల్లలు మాటను, అచ్చును ఎలా వాడతారో ఆమె ఏళ్ల తరబడి గమనించింది. ఆ వాడల్లో చదువు లేక కాదు, బడి గుర్తించే చదువు వేరేది కావడంతో పిల్లలు వెనకబడ్డారని తేల్చింది. అక్షరాస్యత మీద పరిశోధన చేసిన డెబొరా బ్రాంట్ మరో అడుగు వేసి, మనిషికి అక్షరం అందించేవాళ్లు, అంటే చర్చి, సైన్యం, యజమాని, సంఘం, తమ అవసరం కోసమే అందిస్తారని చూపింది. సింగరేణిలో ఈ మాట అక్షరాలా సరిపోతుంది.

బాయిలో భద్రత చూసే మైనింగ్ సర్దార్ పనినే తీసుకుందాం. షిఫ్టు మొదలయ్యే ముందు అతను పనిస్థలానికి పోయి పైకప్పును కర్రతో తట్టి వింటాడు. ఖంగుమంటే గట్టిది, బోలుగా మోగితే పొర విడిచినట్టు. సేఫ్టీ ల్యాంపు వత్తి తగ్గించి మంట చుట్టూ నీలి వెలుగు కమ్ముతుందేమో చూస్తాడు. కమ్మితే మీథేన్ ఉన్నట్టు. చూసిందీ విన్నదీ పైకొచ్చి రిపోర్టు పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. ఇది చట్టం పెట్టిన బాధ్యత. ప్రమాదం జరిగితే విచారణలో ముందు తెరిచేది ఆ పుస్తకాన్నే. అందులో అలంకారాలకు చోటు లేదు. ఎక్కడ, ఎప్పుడు, ఏమిటి, ఏం చేశారు, అంతే. ఒక వాక్యం మీద మనుషుల ప్రాణాలు ఆధారపడతాయని ఇంట్లో వింటూ పెరిగిన అమ్మాయికి, పరీక్షలో వ్యాసం పేరుతో పేజీలు నింపే మన అలవాటు కొంచెం నవ్వు తెప్పించాలి. తీరా శిక్షణ కళాశాలకు చేరాక ఆమె కూడా పేజీలే నింపుతుంది. తండ్రి రిపోర్టు పుస్తకంలోని కచ్చితత్వం కూడా రాత నైపుణ్యమేనని ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు.

దీనికి ఇంకోవైపు ఉంది. అది అంత గర్వంగా చెప్పుకునేది కాదు. సింగరేణిలో మారుపేర్ల సమస్య తెలియని కాలనీ లేదు. ఊళ్లో పిలిచే పేరొకటి, చేరిన రోజు రిజిస్టర్లో పడ్డ పేరొకటి. కొందరు ఇంకొకరి పేరు మీదే కొలువులో చేరి, ఆ పేరుతోనే మస్టర్ పడి, ఆ పేరుతోనే రిటైరయ్యారు. జీతం వచ్చినంతకాలం ఎవరికీ పట్టలేదు. వారసుడికి ఉద్యోగం అడిగే రోజున కొడుకు పదో తరగతి మెమోలో ఉన్న తండ్రి పేరు, కంపెనీ రికార్డులో ఉన్న పేరు ఎదురుబొదురుగా నిలబడ్డాయి. అఫిడవిట్లు, విచారణలు, ఏళ్ల ఎదురుచూపు. కార్మిక సంఘాల ఎన్నికల వాగ్దానాల్లో ఇది మళ్లీ మళ్లీ వినిపించే మాట. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టివేసింది. 2018 నుంచి, తండ్రి పనికి అనర్హుడైతే బిడ్డకు కొలువిచ్చే కారుణ్య నియామకాల దారి తెరుచుకున్నాక మెడికల్ బోర్డు ఇచ్చే అన్‌ఫిట్ కాగితం ఆ ఇళ్లలో అన్నిటికన్నా విలువైన రాత అయింది. తండ్రి ఆరోగ్యం పాడైందని రాసిన కాగితం కోసం ఇల్లంతా ఎదురుచూడటం ఎలాంటి చదువు నేర్పుతుందో ఏ సిలబస్సూ అడగదు.

ఈ అనుభవం టీచర్‌ను రెండు రకాలుగా మార్చగలదు. ఒకరు ఒకటో తరగతిలో పేరు నమోదు చేసేటప్పుడు తల్లిని రెండుసార్లు అడిగి, ఇంటిపేరు సరిచూసి, రాసింది చదివి వినిపిస్తారు. ఇంకొకరు కాగితానికి అలవాటుపడిన భయంతో రిజిస్టర్లు శుభ్రంగా ఉంచి, పిల్లల నోట్సుల్లో ఎర్రసిరా నింపుతారు. ఇద్దరి మూలం ఒకటే. తన మూలాన్ని తిరిగి చూసుకునే అవకాశం వచ్చిందా లేదా అన్నదే ఆ ఇద్దరిని వేరుచేస్తుంది. ఉపాధ్యాయ వృత్తిని అధ్యయనం చేసిన డాన్ లోర్టీ 1975లోనే ఈ ప్రమాదం గుర్తించాడు. విద్యార్థిగా వేల గంటలు గురువులను చూసిన మనిషి, శిక్షణ ఎంత ఇచ్చినా, చివరకు చూసిందే చేస్తాడని ఆయన హెచ్చరిక.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. 1952 గనుల చట్టం స్త్రీలు భూగర్భ గనిలో పనిచేయడాన్ని నిషేధించింది. 2019లో గానీ ఆ ఆంక్ష సడలలేదు. అన్న బాయి వైపు చూసే వయసులో చెల్లె చదువు వైపు చూసింది. 1990ల తొలినాళ్లలో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉంది. దాంతో అన్నలు కూడా అదే దారి పట్టారు. బాయిపని తగ్గిన కాలనీల్లో డీఎస్సీ ఒక ఆశ అయిందంటే దాని వెనక ఈ లెక్క ఉంది.

బాయి ఇళ్లకు అచ్చును చేరవేసింది కంపెనీ ఒక్కటే కాదు. కరపత్రం, గోడరాత, పాట కూడా చేరవేశాయి. 1981లో సింగరేణిలో 56 రోజులు సాగిన సమ్మెను చూసిన తరం కరపత్రాన్ని కూడబలుక్కుని చదివింది. చదవలేనివాళ్లు చదివించుకుని విన్నారు. అల్లం రాజయ్య, సింగరేణిలో పనిచేసిన తుమ్మేటి రఘోత్తమరెడ్డి ఈ జీవితాన్ని కథల్లోకి, నవలల్లోకి తెచ్చారు. అయినా ఈ ప్రాంతపు కాబోయే టీచర్ తన పఠనానుభవం రాయమంటే వాటి ఊసెత్తకుండా పాఠ్యపుస్తకంలోని పద్యం పేరు రాయడమే ఎక్కువ. తన వాడ మీద వచ్చిన సాహిత్యం సాహిత్యంగా లెక్కకొస్తుందో రాదో అన్న సంకోచం అది.

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో బీఈడీ రెండేళ్లయింది. పాఠ్యాలను చదివి ఆలోచించడం, తనను తాను అర్థం చేసుకోవడం అనే రెండు కోర్సులు ప్రత్యేకంగా వచ్చాయి. కాగితం మీద ఇంతకంటే మంచి చోటు దొరకదు. ఆచరణలో ఆ కోర్సులు రికార్డు రాతగా మారాయి. పాత బ్యాచ్ రికార్డు చూసి కొత్త బ్యాచ్ రాస్తుంది, అట్ట మాత్రం కొత్తది. తన జీవితం గురించి రాయమన్న చోట కూడా చూచిరాత నడవడం మన శిక్షణ మీద పెద్ద విమర్శ.

ఆ రికార్డు స్థానంలో ఇంట్లోని ఒక కాగితాన్ని తెచ్చి దాని చరిత్ర రాయమనాలి. పే స్లిప్పు కావచ్చు, మెడికల్ బోర్డు ఉత్తరం కావచ్చు, పేరు మార్పు అఫిడవిట్ కావచ్చు. దాన్ని ఎవరు చదివారు, ఎవరు చదవలేకపోయారు, ఎవరితో చదివించుకున్నారు, దానివల్ల ఇంట్లో ఏం మారింది అని అడగాలి. వ్యక్తిగత వివరాలు గోప్యంగా ఉండాలి, రాయడం ఇష్టంలేనివాళ్లకు వేరే అంశం ఇవ్వాలి. మార్కులు నిజాయితీకి వేయలేం గనుక పరిశీలనకు వేయాలి. మంచిర్యాల, పెద్దపల్లి జిల్లాల బీఈడీ కళాశాలల అధ్యాపకులు వచ్చే విద్యాసంవత్సరంలో ఒక్క బ్యాచ్‌తోనైనా దీన్ని చేసి చూడాలని కోరుతున్నాను.