అమెరికా యాంప్లిఫయర్, నార్కట్‌పల్లి కరెంటు: మనం అడగని ఒక్క ప్రశ్న

ఈ ఎపిసోడ్ మొదలయ్యే ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఫోన్ చార్జర్ చేతిలోకి తీసుకోండి. దాని మీద చీమకాళ్లంత అక్షరాల్లో ఒక లైను ఉంటది. ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు అనీ, పక్కనే 50/60 హెర్ట్జ్ అనీ. దొరికిందా? వోల్టుల సంగతి మనందరికీ తెలుసు. ఆ పక్కన ఉన్న హెర్ట్జ్ ఎందుకు రాశారో ఎప్పుడైనా ఆలోచించారా? నేనూ ఆలోచించలేదు. అందుకే ఒక రాత్రి మా చిన్నాయన పెట్టెను దాదాపు కాల్చేసినంత పని చేశాను.

మాది నార్కట్‌పల్లి. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే హైవే మీద, నల్లగొండ రోడ్డు చీలే దగ్గర. మా చిన్నాయన చాలా ఏళ్లు అమెరికాలో ఉండి తిరిగొచ్చేశాడు. అందరూ వచ్చేటప్పుడు చాక్లెట్లు, ఫోన్లు తెస్తారు. ఈయన మాత్రం లైసెన్సు కాగితాలు అన్నీ చూపించుకొని, 22 కిలోల ఒక ఇనుప పెట్టె తెచ్చాడు. అది హ్యామ్ రేడియో యాంప్లిఫయర్.

హ్యామ్ రేడియో అంటే తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్తాను. పరీక్ష రాసి, ప్రభుత్వం నుంచి లైసెన్సు, కాల్ సైన్ తీసుకొని, సొంత రేడియోతో ప్రపంచంలో ఎవరితోనైనా మాట్లాడే అభిరుచి ఇది. టవర్ అక్కర్లేదు, సిమ్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. మామూలు సెట్టు 100 వాట్లు ఇస్తుంది. దూరం పోవాలంటే, గొంతు గట్టిగా వినిపించాలంటే, వెనకాల యాంప్లిఫయర్ పెడతారు. అమెరికాలో 1500 వాట్ల దాకా వాడుకోవచ్చు. మన దగ్గర జనరల్ గ్రేడ్ లైసెన్సుకు 400 వాట్లే హద్దు. ఈ 400 అంకె గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

చిన్నాయనకు ముందే అనుమానం. "అక్కడ 120, ఇక్కడ 230. నడుస్తదారా?" అన్నాడు. నేను నెట్లో చూసి, పెట్టె వెనకాల రేకు చదివి, పెద్ద ఇంజనీరులాగా చెప్పాను: "చిన్నాయనా, ట్రాన్స్‌ఫార్మర్‌లో 120 వోల్టుల చుట్లు రెండున్నయి. రెండింటినీ వరసగా కలిపితే 240 అయితది. ఏం భయం లేదు." అది అబద్ధం కాదు. అమెరికా ఇళ్లకు కూడా 240 వస్తుంది. రెండు వైర్లలో చెరొక 120 ఎదురెదురుగా వచ్చి, రెండూ కలిస్తే 240. బట్టలు ఆరబెట్టే మిషన్లు, పెద్ద ఏసీలు దాని మీదే నడుస్తాయి. పెద్ద యాంప్లిఫయర్లు కూడా.

కనెక్షన్ మార్చాం. పెద్ద ప్లగ్గు వేశాం. రాత్రి పదకొండుకు స్విచ్ వేశాం. ట్యూబులు ఎర్రగా వెలిగాయి. చిన్నాయన మొహం కూడా. కానీ పెట్టె లోపల నుంచి ఒక గుర్రు. మన వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ చేసే చప్పుడు ఉంటది చూడండి, అట్లా. ఇంకా ఎవరం మైకు ముట్టుకోలేదు, ఒక్క వాటు కూడా గాల్లోకి పోలేదు. అయినా అరగంటకు పైమూత మీద చెయ్యి పెట్టలేనంత వేడి, కాలిన వార్నిష్ వాసన. మీటరు పెట్టి చూస్తే 248 వోల్టులు. పొద్దుపోయాక లోడు తగ్గితే మా దగ్గర వోల్టేజ్ పెరుగుతుంది, మీ ఊళ్లో కూడా చూసే ఉంటారు. గబగబా ప్లగ్గు పీకేశాను. చిన్నాయన ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధ.

పొద్దున ట్రాన్స్‌ఫార్మర్ విప్పుకొని మోటర్ వైండింగ్ షాపుకు పోయాం. మాది బోరు మోటర్ల జిల్లా. ప్రతి ఊరి సెంటర్‌లో ఒక వైండింగ్ షాపు ఉంటుంది. అక్కడి కాక దాన్ని అటూ ఇటూ తిప్పి, రేకు మీద ఒకటే చోట వేలు పెట్టిండు. "తమ్మీ, నువ్వు వోల్టులు చూసినవు. గీ అరవై చూసినవా?" అన్నడు. "మన కరెంటు యాభై. గీ కోరుకు చుట్లు తక్కువ పడ్డయి."

ఆ ఒక్క మాట అర్థం కావాలంటే మనం 1880లలోకి పోవాలి.

ఎడిసన్ 1882లో న్యూయార్క్ పర్ల్ స్ట్రీట్‌లో తన కరెంటు స్టేషన్ మొదలుపెట్టాడు. అది డీసీ, సుమారు 110 వోల్టులు. ఆ రోజుల బల్బులో ఉండే కార్బన్ తీగ ఆ మాత్రం వోల్టేజ్‌కు బాగా పనిచేసేది, అందుకని ఆ అంకె. తర్వాత ఏసీ వచ్చింది. ఏసీ అంటే దిశ మార్చుకుంటూ పారే కరెంటు. సెకనుకు ఎన్నిసార్లు ఆ చక్రం తిరుగుతుందో అదే హెర్ట్జ్. అమెరికాలో వెస్టింగ్‌హౌస్ కంపెనీ ముందు 133 వాడింది. అంత వేగం మోటర్లకు పడలేదు. మరీ తగ్గిస్తే దీపాలు మిణుకుమిణుకుమంటాయి. అట్లా 1890ల మొదట్లో 60 దగ్గర ఆగింది.

అదే సమయంలో జర్మనీలో ఇంకో కథ. 1891లో లాఫెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు 175 కిలోమీటర్ల దూరం ఏసీ పంపి చూపించారు. అది 40 హెర్ట్జ్. ఆ తర్వాత ఏఈజీ కంపెనీ 50ని ఎంచుకుంది. బెర్లిన్‌లో 1899 ప్రాంతంలో ఇళ్ల వోల్టేజ్‌ను 110 నుంచి 220కి పెంచారు. కారణం రాగి ఖర్చు. వోల్టేజ్ రెట్టింపు చేస్తే అదే పనికి సగం కరెంటు చాలు, అదే తీగలో వృథా అయ్యే వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. అమెరికాలో అప్పటికే లక్షల బల్బులు పెట్టేసుకున్నారు, మార్చడం కుదరలేదు. మనం బ్రిటిష్ వాళ్ల దారిలో 50 హెర్ట్జ్, 230 వోల్టులకు వచ్చాం. హైదరాబాద్‌లో 1920లో హుస్సేన్ సాగర్ ఒడ్డున, ఇప్పుడు ఎన్టీఆర్ గార్డెన్స్ ఉన్న వైపు, నిజాం ప్రభుత్వం థర్మల్ స్టేషన్ పెట్టింది.

ఒకసారి అంకె కుదిరిపోతే మార్చడం ఎంత కష్టమో చూడండి. దక్షిణ కాలిఫోర్నియాలో చాలా భాగం 1948 దాకా 50 హెర్ట్జ్ మీదే ఉంది. 60కి మార్చేటప్పుడు ఇల్లిల్లూ తిరిగి గడియారాలు, మోటర్లు సరిచేయాల్సి వచ్చింది. జపాన్‌లో అయితే టోక్యో వైపు జర్మన్ మిషన్లు, ఒసాకా వైపు అమెరికన్ మిషన్లు కొన్నారు. ఈరోజుకీ తూర్పు 50, పడమర 60. 2011 సునామీలో ఫుకుషిమా దెబ్బతిని టోక్యో చీకట్లో ఉంటే, ఒసాకా వైపు కరెంటు ఉండి కూడా సరిపడా పంపలేకపోయారు. అప్పట్లో మధ్యలో హెర్ట్జ్ మార్చే స్టేషన్ల సామర్థ్యం సుమారు వెయ్యి మెగావాట్లే ఉండేది. ఒకే దేశం!

ఇప్పుడు కాక మాటకొద్దాం. ట్రాన్స్‌ఫార్మర్ మధ్యలో ఉండే ఇనుప కోరును ఒక చెరువు అనుకోండి. అందులో పట్టేది అయస్కాంత శక్తి. ఎంత నిండుతుందో తెలియాలంటే వోల్టులను హెర్ట్జ్‌తో భాగించండి. అమెరికాలో 240ని 60తో భాగిస్తే 4. ఆ చెరువు నాలుగుకు సరిపోయేట్టు కట్టారు. మా ఇంట్లో ఆ రాత్రి 248ని 50తో భాగిస్తే దాదాపు 5. నాలుగు పట్టే చెరువులోకి ఐదు వచ్చింది. అలుగు పారింది. ఆ అలుగే చుట్లలో పారే అదనపు కరెంటు, ఆ గుర్రు, ఆ వేడి. ఇక్కడ నేను మోసపోయిన చోటు ఇంకోటుంది. "తక్కువ వాట్లతో వాడితే సరిపోతది కదా" అనుకున్నాను. కాదు. మాట్లాడినా మాట్లాడకపోయినా స్విచ్ వేసిన క్షణం నుంచే చెరువు నిండుతుంది.

పోనీ వోల్టేజ్ తగ్గిద్దామా? 200కు దించితే 200 బై 50, మళ్లీ 4. లెక్క కుదిరింది. కానీ అప్పుడు ట్యూబులను వేడిచేసే వోల్టేజ్ కూడా ఆరో వంతు తగ్గుతుంది. ఆ ట్యూబులు అంత తేడా ఒప్పుకోవు.

కాక చెప్పిన దారి ఒక్కటే: మళ్లీ చుట్టాలి. 60ని 50తో భాగిస్తే 1.2. అంటే ప్రతి వంద చుట్లకు 120. అన్ని చుట్లూ అదే లెక్కన పెంచితే బయటికొచ్చే వోల్టులు మారవు, 248 వచ్చినా లెక్క 4.13 దగ్గర ఆగుతుంది. కానీ కోరు కిటికీలో చోటు అంతే కదా. ఎక్కువ చుట్లు పట్టాలంటే తీగ సన్నం కావాలి. సన్న తీగ తక్కువ కరెంటు మోస్తుంది. ఇక్కడే ఆ 400 అక్కరకొచ్చింది. మనకు అమెరికా పవర్ అవసరమే లేదు, చట్టం కూడా ఒప్పుకోదు. సన్న తీగ చాలు.

ఇంకో రెండు మార్పులు చేశాం. ట్యూబులను చల్లబరిచే అమెరికా ఫ్యాను 50 హెర్ట్జ్ మీద నెమ్మదిగా తిరుగుతుంది, గాలి తగ్గుతుంది. దాన్ని తీసి మన 230 ఫ్యాను పెట్టాం. అక్కడ రెండు వైర్లూ లైవే కాబట్టి రెండింటికీ ఫ్యూజులు ఉంటాయి. మన దగ్గర ఒకటి ఫేజు, ఒకటి న్యూట్రల్. న్యూట్రల్ ఫ్యూజు ఒక్కటే పోతే పెట్టె ఆగినట్టు కనిపిస్తుంది, లోపల కరెంటు ఉంటుంది. అందుకని ఫ్యూజు ఫేజుకే ఉంచాం.

ఒక హెచ్చరిక. ఈ పెట్టెల్లో 3000 వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గు పీకినా కెపాసిటర్లలో నిలవ ఉంటుంది. ఒక్క తాకుడు చాలు ప్రాణం పోవడానికి. వీడియో చూసి ఎవరూ మూత తీయకండి.

కాక ముందు సీరీస్ బల్బు పెట్టి చూసిండు. బల్బు ఒకసారి మెరిసి మసకబారింది. "ఇగ తీస్కపో" అన్నడు. ఆ రాత్రి గంట సేపు ఆన్‌లో ఉంచాం. గుర్రు లేదు. మూత మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. చిన్నాయన అప్పుడు నా భుజం మీద చెయ్యేశాడు.

ఇదంతా ఎందుకు, వాట్సాప్ ఉంది కదా అంటారేమో. హైదరాబాద్‌లో 1983లో జాతీయ హ్యామ్ రేడియో సంస్థ, నయర్, మొదలైంది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం హ్యామ్ సంభాషణల కోసం అండమాన్ పోయింది. 26వ తేదీన సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. సరదాకు తీసుకుపోయిన ఆ రేడియోలే వార్తలు మోశాయి. అట్లాంటి రోజున గోడలో కరెంటు ఉంటుందన్న నమ్మకం ఉండదు.

ఆ దారిలో ఆలోచించినాయన హైదరాబాద్‌లోనే ఉన్నారు. అష్హర్ ఫర్హాన్ గారు బిట్‌ఎక్స్ అనే రేడియో తయారుచేశారు. ఖరీదైన విదేశీ భాగాలు వద్దని, మామూలు షాపుల్లో దొరికే వాటితో కట్టేట్టు డిజైన్ చేశారు. కాయిల్స్ చుట్టడానికి నల్లా వాషర్లు వాడారు! ఇచ్చేది కొన్ని వాట్లే. నడిచేది 12 వోల్టుల బ్యాటరీ మీద. దానికి 120 తెలియదు, 230 తెలియదు, హెర్ట్జ్ గొడవే లేదు. ఆ రేడియోలను అమెరికా వాళ్లు హైదరాబాద్ నుంచి తెప్పించుకొని వాడుతున్నారు.

ఇప్పుడు మళ్లీ మీ చార్జర్ చూడండి. అది వచ్చిన ఏసీని ముందు డీసీగా మార్చుకొని, తర్వాత తనకు కావలసిన వేగంతో, సెకనుకు వేలసార్లు, తానే కోసుకుంటుంది. అందుకే దానికి ఏ దేశం కరెంటైనా ఒకటే. కానీ మీ అక్కో బావో అమెరికా నుంచి తెచ్చే ప్రతి వస్తువూ అట్లాంటిది కాదు. మోటరు ఉన్నదైనా, బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నదైనా, ప్లగ్గు పెట్టే ముందు వెనకాల రేకు చదవండి. 120 ఒక్కటే ఉంటే ఆగండి. 240 ఉన్నా, 60 మాత్రమే రాసి ఉంటే అప్పుడూ ఆగండి. ఆ రేకు నేను కూడా చదివాను. సగమే చదివాను.

మళ్లీ కలుద్దాం. ఉంటాను.