చేతి నుంచి అంకెకు: లేతు టరెట్, దాని ప్రమాదాల చరిత్ర

నార్త్ కరొలైనాలోని మోరిస్‌విల్‌లో మా వీధిలో ఉండే తెలుగువారిలో దాదాపు అందరిదీ తెర ముందు కూర్చుని చేసే ఉద్యోగమే. ప్రోగ్రాములో తప్పు దొర్లితే కంగారు పడతాం, పాత రూపాన్ని వెనక్కి తెచ్చుకుంటాం, తప్పు ఎక్కడ జరిగిందో మర్నాడు తీరిగ్గా చర్చించుకుంటాం. ఈ వృత్తిలోకి రాకముందు నేను కొంతకాలం సీఎన్‌సీ లేతుల దగ్గర పనిచేశాను. అక్కడ కూడా ప్రోగ్రాములే రాస్తారు. కాని అక్కడ తప్పు అంకె వేస్తే పనిముట్లు మోసే టరెట్ వెళ్ళి తిరిగే ఇనుమును గుద్దుకుంటుంది. దాన్ని వెనక్కి తెచ్చుకునే మీట ఏదీ ఉండదు. తరువాత విచారణ జరుగుతుంది. చాలాసార్లు ఆ విచారణ ‘ఆపరేటర్ పొరపాటు’ అన్న రెండు మాటలతో ముగుస్తుంది. ఆ రెండు మాటల వెనక నూటయాభై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉందని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తరిమెన

లేతుకు మనకు సొంత మాట ఉంది: తరిమెన. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేసే పనివారు ఈనాటికీ తరిమెన పడతారు. ఒకప్పుడు తాడుతో లాగి తిప్పేవారు, ఇప్పుడు మోటారు తిప్పుతుంది. ఉలి మాత్రం చేతిలోనే ఉంటుంది. కర్రలో ముడి తగిలితే ఆ అదురు ఉలి పిడి గుండా మణికట్టుకు తెలుస్తుంది. పనివాడు ఆలోచించే లోపే చేయి వెనక్కి తగ్గుతుంది. కొలత, బలం, హెచ్చరిక మూడూ ఒకే చేతిలో ఉన్నాయి.

ఇనుప లేతు ఈ ఏర్పాటును కొంత మార్చింది. పనిముట్టును చేతితో పట్టుకోకుండా టూల్ పోస్టులో బిగించి, చక్రాలు తిప్పి నడపడం మొదలైంది. అయినా చక్రం బరువెక్కితే టర్నరుకు తెలిసేది. చప్పుడు మారితే చెవి పట్టేది. ఇబ్బంది మరోచోట వచ్చింది. ఒక స్క్రూ చేయడానికి నాలుగైదు రకాల పనిముట్లు కావాలి. ఒక్కొక్కటీ విప్పి, మరొకటి బిగించి, మళ్ళీ కొలత చూసుకోవాలి. వేలకొద్దీ స్క్రూలు కావలసినప్పుడు ఇది సాగే పని కాదు.

బురుజు

ఆ వేలకొద్దీ అవసరం తుపాకుల నుంచి వచ్చింది. 1845లో కనెక్టికట్ రాష్ట్రంలోని మిడిల్‌ఫీల్డ్‌లో స్టీఫెన్ ఫిచ్ అనే తయారీదారు అమెరికా సైన్యానికి 30,000 పిస్తోలు లాకులు చేసి ఇచ్చే ఒప్పందం చేసుకున్నాడు. వాటి స్క్రూల కోసం ఎనిమిది పనిముట్లను ఒకే తిరుగుడు దిమ్మకు అమర్చాడు. ఒకదాని పని అయ్యాక దిమ్మను ఒక మెట్టు తిప్పితే రెండవది సిద్ధంగా ఉంటుంది. టరెట్ అంటే చిన్న బురుజు. కోట బురుజు నాలుగు దిక్కులా ఫిరంగులు పెట్టుకున్నట్టు ఇది చుట్టూ పనిముట్లు పెట్టుకుంది.

దీన్ని బజారులో అమ్మే యంత్రంగా మార్చినవారు వెర్మాంట్ రాష్ట్రంలోని విండ్సర్‌లో ఉన్న రాబిన్స్ అండ్ లారెన్స్ సంస్థవారు. 1850లలో వారి యంత్రాలను ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డ్ ఆయుధాగారం కూడా కొనుక్కుంది. 1846 నాటి ఆ కర్మాగార భవనంలో ఇప్పుడు అమెరికన్ ప్రెసిషన్ మ్యూజియం ఉంది. మోరిస్‌విల్ నుంచి ఏడువందల మైళ్ళకు పైగా ఉత్తరాన, కనెక్టికట్ నది లోయలో ఉన్న ఊరది.

టరెట్‌తో పని వేగం పెరిగింది. దానితోపాటు ఇంకొకటి కూడా జరిగింది. ఏ పనిముట్టు తరువాత ఏది రావాలన్నది అంతవరకు టర్నరు తలలో ఉండేది, ఇప్పుడది దిమ్మలోకి వెళ్ళింది. అనుభవజ్ఞుడు ఒకసారి అమర్చి పెడితే, కొత్తవాడు మీట లాగుతూ రోజంతా నడపవచ్చు. అమర్చేవాడు వేరు, నడిపేవాడు వేరు అన్న విభజన ఇక్కడే బలపడింది.

1891లో జేమ్స్ హార్ట్‌నెస్ ఈ బురుజును చదును చేశాడు. అప్పటికి విండ్సర్ నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్‌కు తరలిన జోన్స్ అండ్ లామ్సన్ కంపెనీలో అతను పనిచేసేవాడు. ఎత్తుగా ఉన్న దిమ్మకు బదులు వెడల్పాటి పళ్ళెంలాంటి టరెట్ పెట్టాడు. బరువు కిందికి దిగడంతో అదురు తగ్గింది, కొలత నిలకడగా నిలిచింది. తరువాత వెర్మాంట్ గవర్నరు కూడా అయిన హార్ట్‌నెస్ 1912లో కర్మాగార నిర్వహణలో మనిషి పాత్ర గురించి ఒక పుస్తకం రాశాడు. పనివాడి అలవాటును లెక్కలోకి తీసుకోని యంత్రం, పద్ధతి రెండూ నష్టమే తెస్తాయన్నది అందులో అతని ధోరణి. టరెట్‌ను చదును చేసినవాడే ఈ మాట కూడా అన్నాడని గుర్తుంచుకోవాలి.

మెదడు చక్రం, ఆ తరువాత టేపు

మీట లాగే చేతిని కూడా తప్పించినవాడు క్రిస్టఫర్ స్పెన్సర్. అంతర్యుద్ధంలో వాడిన స్పెన్సర్ తుపాకీ ఇతనిదే. 1873లో పేటెంటు పొందిన అతని ఆటోమేటిక్ లేతులో ఒక పీపాలాంటి చక్రం నెమ్మదిగా తిరిగేది. దానిమీద బిగించిన వంపు పట్టీలే పనిముట్లను ముందుకు వెనక్కి నడిపేవి. దాన్ని ‘మెదడు చక్రం’ అనేవారు. పట్టీలు మార్చుకుంటే పని మారుతుంది. అసలు విశేషమైన ఆ సర్దుబాటు చక్రమే పేటెంటు పత్రంలోకి ఎక్కకుండా జారిపోవడం స్పెన్సర్ దురదృష్టం.

ఆ చక్రం స్థానంలోకి అంకెలు రావడానికి మరో 80 ఏళ్ళు పట్టింది. మిషిగన్ రాష్ట్రంలోని ట్రావర్స్ సిటీలో హెలికాప్టర్ రెక్కలు చేసే జాన్ పార్సన్స్, వంపుల కొలతలను పంచ్ కార్డుల మీద లెక్కించి యంత్రానికి ఇవ్వాలనుకున్నాడు. వైమానిక దళం డబ్బుతో, ఎమ్.ఐ.టి. సర్వోమెకానిజమ్స్ ప్రయోగశాలలో తయారైన అంకెల మిల్లింగ్ యంత్రాన్ని 1952లో ప్రదర్శించారు.

అదే కాలంలో మరో దారి కూడా ఉండేది. నిపుణుడు ఒకసారి స్వయంగా పని చేస్తుండగా అతని కదలికలను టేపు మీద నమోదు చేసి, యంత్రం చేత తిరిగి చేయించడం. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ దీన్ని ప్రయత్నించింది. అక్కడ ఉద్యోగం చేసిన కర్ట్ వానెగట్ 1952లోనే అచ్చయిన తన ‘ప్లేయర్ పియానో’ నవలలో రూడీ హెర్ట్జ్ అనే లేతు పనివాడి కదలికలను ఇలాగే టేపుకు ఎక్కించాడు. చరిత్రకారుడు డేవిడ్ నోబుల్ 1984లో ఈ రెండు దారులనూ పోల్చి, అంకెల పద్ధతి గెలవడానికి సాంకేతిక కారణాలతోపాటు పని మీద అధికారాన్ని షాపు నుంచి ఆఫీసుకు మార్చుకోవాలన్న యాజమాన్యాల కోరిక కూడా కారణమని వాదించాడు. ఆ వాదనలో ఎంత పాలు నిజమన్నది చర్చనీయమే. కాని ఒక మాట కాదనలేం. టేపు మీదికి ఎక్కినది కదలిక మాత్రమే. ముడి తగిలితే వెనక్కి తగ్గే గుణం ఎక్కలేదు.

ఆ రాత్రి

మన దగ్గర ఈ చరిత్ర ఆలస్యంగా మొదలై త్వరగా నడిచింది. రెండవ ప్రపంచయుద్ధం నడుస్తుండగా 1943లో సికిందరాబాదులో ప్రాగా టూల్స్ పుట్టింది. తరువాత హైదరాబాదుకు హెచ్.ఎమ్.టి. వచ్చింది. 1968లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సహాయంతో బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఏర్పడింది. వీటి చుట్టూ బాలానగర్, జీడిమెట్లలలో చిన్న షెడ్లు వెలిశాయి. మాన్యువల్ లేతు మీద ఇరవై ఏళ్ళు చేయి తిరిగిన టర్నర్లు 1990లలో సీఎన్‌సీ ముందు నిలబడ్డారు.

అలాంటి ఒక షెడ్డులో నేను ట్రెయినీగా ఉన్నాను. ఒక సాయంత్రం షిఫ్టు దిగుతూ, బోరు లోతు కాస్త పెంచాలని, ‘ఆఫ్‌సెట్ 0.05 తగ్గించాలి’ అని చీటీ రాసిపెట్టి వెళ్ళాను. రాత్రి షిఫ్టులో మా సీనియర్ టర్నరు, అందరం అన్నా అని పిలిచే మనిషి, దాని ప్రకారమే చేశాడు. కంట్రోలు మీద రెండు మీటలుంటాయి. ‘ప్లస్ ఇన్‌పుట్’ నొక్కితే కొత్త అంకె పాతదానికి కలుస్తుంది. ‘ఇన్‌పుట్’ నొక్కితే పాతది చెరిగిపోయి కొత్తదే మిగులుతుంది. ఆయన రెండవది నొక్కాడు. అదీ టూలు అరుగుదల పేజీలో కాదు, టూలు పొడవు పేజీలో. అరవై మిల్లీమీటర్లకు పైగా పొడుచుకొచ్చిన బోరింగ్ బార్‌కు పొడవే లేదని యంత్రం నమ్మింది. స్టార్టు నొక్కగానే టరెట్ ఆ తేడా అంతా ముందుకు దూకి, తిరుగుతున్న జాబ్ అడుగుకు బార్‌ను గుద్దింది.

ఈనాటి లేతులలో టరెట్ నిమిషానికి 30 మీటర్ల వేగంతో కదలడం మామూలే. అంటే సెకనుకు అర మీటరు. మనిషి చూసి, ఎర్రమీట నొక్కడానికి సెకనులో ఐదోవంతు పట్టినా టరెట్ అప్పటికి 10 సెంటీమీటర్లు వెళ్ళిపోయి ఉంటుంది. చూస్తూ నిలబడినవాడు ఆపలేని ప్రమాదమిది.

విరిగిన బార్ తీసేసి మరొకటి బిగిస్తే యంత్రం మామూలుగానే నడిచినట్టు కనిపించింది. అసలు దెబ్బ మర్నాడు బయటపడింది. డ్రిల్లు వేస్తే రంధ్రం నోరు పెద్దదవుతోంది. టరెట్ ఒక మెట్టు తిరిగాక లాక్ అయ్యే చోట పళ్ళ చక్రాలు రెండు ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. ముందు వాటిని అనుమానించాం. విప్పి చూస్తే పళ్ళు బాగానే ఉన్నాయి. చివరికి చక్‌కు డయల్ గేజి బిగించి, టరెట్ రంధ్రం చుట్టూ తిప్పి చూస్తే ముల్లు కదిలింది. టరెట్ తన పీఠం మీదే వెంట్రుకవాసి పక్కకు తిరిగింది. బోల్టులు వదులు చేసి, రాగి సుత్తితో తట్టుతూ, గేజి చూసుకుంటూ మళ్ళీ దారికి తెచ్చేసరికి రెండు రోజులు పట్టింది. తట్టింది ఆ అన్నే. ఎంత బలంగా తట్టాలో ఆయన చేతికి తెలుసు.

రిజిస్టరులో ‘ఆపరేటర్ పొరపాటు’ అని రాశారు. ఆయన జీతంలో కోత పడింది. నా చీటీలో ఏ పేజీయో, ఏ మీటో లేదన్న సంగతి ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

చేతికి బదులుగా

చేతి నుంచి పోయిన స్పర్శను యంత్రానికి తిరిగి ఇవ్వాలని తయారీదారులు అప్పటినుంచీ ప్రయత్నిస్తూనే ఉన్నారు. మోటారు మీద భారం హద్దు దాటితే ఆపే ఏర్పాట్లు వచ్చాయి. ఒకుమా వంటి సంస్థల కంట్రోళ్ళు యంత్రం నమూనాను లోపలే కదిపి చూసుకుని, గుద్దుకోబోతుంటే ముందే ఆగుతాయి. మితిమీరిన ఆఫ్‌సెట్ అంకెలను తిరస్కరించే హద్దులు పెట్టుకోవచ్చు. ఇవన్నీ ఒప్పుకుంటున్నది ఒకటే: మీట నొక్కిన వేలు ఒక్కటే ప్రమాదానికి కారణం కాదని. రెండు మీటలను పక్కపక్కన పెట్టినవారు, రెండు పేజీలను ఒకేలా గీసినవారు, సగం చీటీ రాసినవారు కూడా ఆ గొలుసులో ఉన్నారు.

మా వృత్తిలో ఇప్పుడు ఏదైనా కూలితే ‘ఎవరు చేశారు’ అనడం మాని ‘ఎలా జరగగలిగింది’ అని అడగాలని నేర్పుతారు. మంచి ఆచారమే. అలాంటి సమావేశాలలో కూర్చున్నప్పుడల్లా నాకు జీడిమెట్లలోని ఆ రిజిస్టరు గుర్తొస్తుంది. అందులో నా పేరు కూడా ఉండవలసింది.