పాలంపోర్: పెరటిలో పుట్టిన ఎరుపు

కోరమాండల్ వస్త్రవాణిజ్యం గురించి చదివేటప్పుడు ఓడలు, ఒప్పందాలు, సుంకాలే ఎక్కువగా కనిపిస్తాయి. మచిలీపట్నంలో ఆంగ్లేయులు 1611లో స్థాపించిన 'ఫ్యాక్టరీ' పేరు మీరు కంఠతా పట్టే ఉంటారు. ఆ మాట చూసి పొరబడకూడదు. అది సరుకు కొని, నిల్వచేసి, ఓడకెక్కించే వర్తక స్థావరం. రంగుల పని మాత్రం ప్రధానంగా అద్దకపువారి ఇళ్లలో, పెరళ్లలో, కాలువ గట్లమీద సాగింది.

ఆ పనిలో ఐరోపాను ఆకట్టుకొన్నది పాలంపోర్. 'పలంగ్‌పోష్' అంటే మంచంమీద పరిచే గుడ్డ. పరదేశీయుల నోట అలా మారింది. నడుమ పూలచెట్టు, చుట్టూ అంచు ఉండే ఈ దుప్పట్లను మంచంపై పరిచేవారు, తెరలుగానూ కట్టేవారు.

ఇందులోని ఎరుపు ఎలా వచ్చిందో కొంచెం వివరంగా చూద్దాం. గుడ్డను పేడనీటిలో నానబెట్టి, ఉతికి, ఎండలో తెల్లబరుస్తారు. తరువాత కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచుతారు. కరక్కాయలోని వగరు రంగును పట్టి ఉంచడానికి తోడ్పడుతుంది. పాలలోని కొవ్వు గీత పక్కలకు పాకకుండా ఆపుతుంది. ఇనుపముక్కలు, బెల్లం నీటిలో పులియబెట్టిన 'కసిం'తో గీసిన గీతలు కరక్కాయ తగిలి నల్లబడతాయి. ఎరుపు కావలసినచోట పటికనీరు పూస్తారు. చిత్రమేమిటంటే అప్పటికి అక్కడ ఎరుపు జాడే ఉండదు. పారేనీటిలో జాడించి చిరివేరుతో ఉడికించినప్పుడే, పటిక తగిలిన మేర రంగు నిలుస్తుంది. మిగతా చోట్ల అంటినదాన్ని మళ్లీ పేడనీరు, ఎండ పోగొడతాయి. నీలానికి దారి వేరు: రంగు వద్దనుకొన్న చోట మైనం పూసి నీలిమందు తొట్టిలో ముంచాలి.

ఫ్రెంచి జెస్యూట్ కూర్దూ ఈ పద్ధతిని పనివారిని అడిగి తెలుసుకొని 1742లో స్వదేశానికి ఉత్తరం రాశాడు. తెలుగు నేర్చి నిఘంటువు కూర్చిన పండితుడాయన. మనకు అభిమానం ఉండటం సహజమే. కాని చరిత్రలో ఆయన పేరు నిలిచింది, చెప్పినవారి పేర్లు నిలవలేదు.

ఫ్రాన్సు 1686లోనే ఈ గుడ్డలను నిషేధించింది. ఇంగ్లండులో 1721 చట్టం వీటిని ధరించడాన్నే కాదు, మంచాలకు, కుర్చీలకు, కిటికీ తెరలకు వాడటాన్ని కూడా నేరం చేసింది. పడకగదిదాకా చట్టం వచ్చిందంటే అక్కడి ఉన్ని, పట్టు నేతవారి భయం ఎంతటిదో ఊహించవచ్చు. నటుడు డేవిడ్ గారిక్‌కు కలకత్తా మిత్రులు పంపిన ఈ తీరపు మంచం తెరలను కూడా 1775లో సుంకాధికారులు పట్టుకొన్నారు.

1868లో గ్రేబె, లీబర్‌మన్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు ఎలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. చిరివేరులోని ఎరుపుకూ మూలం అదే. ఈ వృత్తి దానివల్లే దెబ్బతిన్నదని రాయడం పరిపాటి. నా ఉద్దేశంలో అసలు దెబ్బ అంతకు ముందే, ఇంగ్లండు యంత్రాల అచ్చుగుడ్డతో తగిలింది. ఎలిజరిన్‌ను మన పనివారే తమ తొట్టిలోకి తెచ్చుకొన్నారు. పెడనలో అచ్చుదిమ్మెల కింద గుడ్డ ఇప్పటికీ కరక్కాయలో మునిగి, పటిక అద్దించుకొని, కాలువకు వెళ్లి వస్తుంది. ఉడికే తొట్టిలో మాత్రం చిరివేరు బదులు ఎలిజరిన్ ఉంటుంది.