రక్తమా, బాధ్యతా? పాలమూరు సంస్థానాల వంశావళులు: ఒక పరిశీలన

స్కాట్లండు వాయవ్య దిశలోని లూయిస్ దీవిలో, స్టోర్నవే పట్టణంలో జన్మించిన కాలిన్ మెకంజీ 1783లో భారతదేశానికి వచ్చాడు. దానికి ముందు ఆయన చేపట్టిన పని ఒక వంశచరిత్రకు సంబంధించినది. లాగరిథమ్‌లను కనుగొన్న జాన్ నేపియర్ జీవితచరిత్ర రాయాలని నేపియర్ వంశీయుడొకరు సంకల్పించగా, అందుకు అవసరమైన భారతీయ గణిత విషయాల సేకరణలో మెకంజీ పాలుపంచుకొన్నాడు. తరువాతి కాలంలో కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల సహకారంతో ఆయన సేకరింపజేసిన కైఫీయత్తులలోను, రాతప్రతులలోను తెలుగు పాలకకుటుంబాల వంశావళులు ఎన్నో ఉన్నాయి. మెకంజీ స్వయంగా ఒక ‘క్లాన్’కు, అంటే ఒకే పేరుతో, ఒకే నాయకుని కింద వ్యవహరించే వంశసమూహానికి చెందినవాడు. ఆ సమూహంలోని వారందరూ ఒకే మూలపురుషుని సంతానం కారని, నాయకుని భూమిలో నివసించినవారు, ఆయన రక్షణ కోరినవారు కూడ ఆ పేరునే స్వీకరించారని స్కాటిష్ చరిత్రకారులు నిరూపించారు. తెలుగు వంశావళులకు కూడ ఈ దృష్టి వర్తిస్తుందా అన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న. 2016లో ఉమ్మడి మహబూబ్‌నగర్ నుండి ఏర్పడిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల పరిధిలోని మూడు సంస్థానాలను ఇందుకు ఆధారంగా తీసుకొన్నాను.

ఇంటిపేరు సాక్ష్యం

గద్వాల పాలకుల ఇంటిపేరు ముష్టిపల్లి. వనపర్తి పాలకులది జనుంపల్లి. రెండూ గ్రామనామాలే. రాజ్యం వచ్చి, కోట వెలసి, రాజధాని మారిన తరువాత కూడ ఇంటిపేరు తొలి గ్రామాన్ని విడువలేదు. కోట నిర్మించిన సోమభూపాలుని వారసులు ‘భూపాల’ శబ్దాన్ని పేరు చివర ధరించారు గాని ఇంటిపేరును ‘గద్వాల’గా మార్చుకోలేదు. మొదట సూగూరు సంస్థానంగా ప్రసిద్ధమైన వనపర్తి విషయంలోను ఇదే స్థితి. కనుక పూర్వీకులను వెదకే పరిశోధకునికి ఇంటిపేరు మొదట చూపేది వలసకు ముందరి ఊరిని.

పేరు చివరి పదం విషయంలో మాత్రం ఇంత స్థిరత్వం లేదు. వనపర్తి మూలపురుషుడుగా చెప్పబడే వీరకృష్ణారెడ్డి ‘రెడ్డి’. అదే వంశంలోని రామేశ్వరరావు ‘రావు’. ఇక్కడ మారినది హోదా, వంశం కాదు. పేరు చివరి పదాన్ని బట్టి కులాన్ని, కులాన్ని బట్టి వంశాన్ని నిర్ణయించే పద్ధతి ఎంత బలహీనమైనదో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

గోత్రం సాక్ష్యం

నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని కొల్లాపురం రాజధానిగా వెలసిన జటప్రోలు సంస్థానాన్ని సురభివారు పాలించారు. వీరు పద్మనాయకులు, రేచెర్ల గోత్రీకులు. వెంకటగిరి వెలుగోటివారిది, బొబ్బిలి రావువారిది కూడ రేచెర్ల గోత్రమే. వెంకటగిరి కుటుంబం నుండి బొబ్బిలికి, జటప్రోలుకు దత్తత వెళ్లినవారున్నారు. దత్తతతో వెలుగోటివారి బిడ్డ సురభివాడవుతాడు. గోత్రం మాత్రం మారదు. కృష్ణాతీరం, నెల్లూరు సీమ, కళింగం వంటి దూరప్రాంతాలలోని కుటుంబాలను ఒక సమూహంగా నిలిపినది ఈ గోత్రమే. స్కాటిష్ క్లాన్‌కు తెలుగునాట దగ్గరగా వచ్చేది ఇంటిపేరు కాదు, గోత్రం.

మరి ఈ గోత్రానికి పేరు ఎవరి నుండి వచ్చింది? నేలటూరి వెంకటరమణయ్యగారి పరిష్కరణతో 1939లో మద్రాసు విశ్వవిద్యాలయం ప్రచురించిన ‘వెలుగోటివారి వంశావళి’ ఈ వంశ మూలపురుషునిగా చెవ్విరెడ్డిని పేర్కొంటుంది. పొలంలో నిధి దొరకడం, బేతాళుడు నరబలి కోరడం, చెవ్విరెడ్డి సేవకుడైన రేచడనే మాల తన ప్రాణం ఇవ్వడానికి సిద్ధపడడం ఆ వంశంలో ప్రసిద్ధమైన కథ. తన పేరే ఆ వంశానికి గోత్రం కావాలన్నది రేచడు పెట్టిన షరతు. ఈ వంశంలో పెండ్లికి ముందు ఒక మాల జంటకు పెండ్లి జరిపించే ఆచారం ఉండేదని కూడ ప్రతీతి.

ఈ కథలో బేతాళుని చరిత్రగా గ్రహించవలసిన అవసరం లేదు. కాని వంశగౌరవాన్ని చాటడానికే పుట్టిన సాహిత్యం తన గోత్రనామాన్ని ఒక సేవకునికి ఋణపడినట్లు చెప్పుకోవడం విస్మరింపదగిన విషయం కాదు. బ్రాహ్మణ గోత్రం ఋషిని స్మరిస్తే, ఈ గోత్రం బలియైన మనిషిని స్మరిస్తున్నది. గోత్రనామం ఇక్కడ రక్తసంబంధానికి గాక తీర్చలేని ఒక బాధ్యతకు గుర్తు. మూలపురుషుని పేరు ‘రెడ్డి’ కావడం, వారసులు వెలమలు కావడం గమనిస్తే, కథ పుట్టిన కాలానికి నేటి కులరేఖలు ఇంతగా బిగుసుకోలేదని కూడ తోస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. 1213లో పాలంపేట రామప్ప గుడిని ప్రతిష్ఠించిన కాకతీయ సేనాని కూడ రేచెర్ల రుద్రుడే. పేరు ఒకటైనంత మాత్రాన ఆ రేచెర్ల రెడ్లను, రేచెర్ల పద్మనాయకులను ఒకే వంశంగా కలపరాదు. నామసామ్యం అన్వేషణకు ఆరంభం మాత్రమే, నిర్ణయం కాదు.

చెప్పేవారు, చెప్పబడనివారు

రాజుల వంశం ప్రబంధాల అవతారికలలో చేరింది. సామాన్యుల వంశాన్ని నిలిపినవారు ఆశ్రిత కులాలవారు. కాపు, రెడ్డి కుటుంబాలకు పిచ్చకుంట్లవారు, పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు గోత్రాలు, ఇంటిపేర్లు, పుట్టుపూర్వోత్తరాలు చెప్పి త్యాగం పుచ్చుకొనేవారు. పిచ్చకుంట్లవారికి నేడు ప్రభుత్వ జాబితాలో ‘వంశరాజ్’ అన్న పేరు కూడ ఉంది. ఇతరుల వంశం చెప్పడమే తమ వృత్తియైన వారికి అది తగిన పేరు. స్కాట్లండులో వంశచిహ్నాల నమోదుకు 1672 నుండి అధికారిక పట్టిక ఉంది. మన పల్లెలలో ఆ పట్టిక ఒక గాయకుని జ్ఞాపకం. గాయకుడు పోతే పట్టిక పోతుంది.

ఏ పట్టికకూ ఎక్కనివారు కూడ ఉన్నారు. వనపర్తి రాజా రామేశ్వరరావు ఆఫ్రికన్ అంగరక్షక దళాన్ని పోషించాడు. ఆ దళం తరువాత నిజాం కొలువులో చేరింది. హైదరాబాదులోని ఏ.సి. గార్డ్స్ అన్న పేటపేరులో ‘ఆఫ్రికన్ కావల్రీ’ అన్న మాటలు ఇప్పటికీ దాగి ఉన్నాయి. జనుంపల్లి వంశావళిలో వారి పేర్లు ఉండవు. అయినా ఆ సంస్థాన చరిత్ర వారిది కూడ.

ముగింపు

1603లో స్కాట్లండు ప్రభుత్వం మెక్‌గ్రెగర్ అన్న పేరునే నిషేధించింది. నిషేధం పూర్తిగా తొలగినది 1774లో. ఇన్నేళ్లు వేరే పేర్లతో బ్రతికినవారి వారసులు నేడు దేశదేశాల నుండి క్లాన్ సంఘాలలో కలుస్తున్నారంటే, వారిని కలుపుతున్నది నిరూపింపదగిన రక్తం కాదు, కలిసి అనుభవించిన చరిత్ర. మన ప్రాంతంలో వంశాన్వేషణ చేసేవారు కూడ వంశావళిని మూడు ప్రశ్నలతో చదవాలి. ఈ పేరు ఏ ఊరిది? దీనిని ఎవరు, ఎవరి కోసం చెప్పారు? ఇందులో ఎవరి పేరు నిలిచింది, ఎవరిది నిలువలేదు? మూడవ ప్రశ్నకు సమాధానం రాతప్రతులలో తక్కువగా, వంశరాజుల, డక్కలివారి నోట ఎక్కువగా దొరుకుతుంది. ఈ మూడు జిల్లాలలో ఆ కంఠాలు ఉండగానే వాటిని నమోదు చేయడం తెలుగు శాఖలు తక్షణం చేపట్టవలసిన పని. రేచని పేరు నిలిచినది ఒక గోత్రం దానిని మోసినందువల్ల. అట్టి గోత్రం దొరకనివారి పేర్లను మోయవలసిన బాధ్యత పరిశోధనది.