గెలుపు లేని ఆట

పులిజూదంలో పులులను కదలకుండా కట్టివేస్తే మేకల పక్షానిది గెలుపు. వైకుంఠపాళిలో పాముల నోట పడకుండా పరమపదం చేరినవారిది గెలుపు. మొదటిది కేవలం బుద్ధిబలం, రెండవది కేవలం పందెం పడిన తీరు. 1984లో మాస్కోలో పుట్టిన టెట్రిస్ అనే కంప్యూటర్ ఆట ఈ రెండింటి నడుమ నిలుస్తుంది. ఏ ముక్క వస్తుందన్నది అదృష్టం, దానిని ఎక్కడ దింపాలన్నది బుద్ధి. అయితే ఒక విషయంలో అది రెండింటికీ భిన్నమైనది. మొదట రూపొందినప్పుడు అందులో గెలుపు అన్నదే లేదు. ఓటమిని ఎంతసేపు వాయిదా వేయగలరన్నదే ఆటగాళ్లకు పరీక్ష.

దీనిని సృష్టించిన అలెక్సీ పజిత్నోవ్ సోవియట్ విజ్ఞానశాస్త్రాల అకాడమీకి చెందిన గణన కేంద్రంలో పరిశోధకులు. ఐదేసి గడుల ముక్కలను పెట్టెలో ఇమిడ్చే పెంటామినో అనే చిక్కు ఆట అంటే ఆయనకు మక్కువ. ఐదు గడులను నాలుగుకు తగ్గిస్తే ముక్కల రకాలు పన్నెండు నుంచి ఏడుకు దిగివచ్చాయి. గ్రీకు భాషలో నాలుగును సూచించే 'టెట్రా'కు, తనకు ఇష్టమైన టెన్నిస్‌ను కలిపి ఆటకు పేరు పెట్టారు. ఆయన వద్ద ఉన్న ఎలక్ట్రానికా 60 యంత్రం బొమ్మలు గీయలేదు, అక్షరాలను మాత్రమే చూపగలదు. అందుచేత కుండలీకరణ చిహ్నాలను పక్కపక్కన పేర్చి వాటినే గడులనిపించారు. ఆ తరువాత సహోద్యోగి ద్మిత్రీ పవ్లోవ్‌స్కీ, 16 ఏళ్ల విద్యార్థి వదీమ్ గెరాసిమోవ్ తోడ్పాటుతో ఆట ఐ.బి.ఎం. కంప్యూటర్ల మీదికి ఎక్కింది. అక్కడి నుంచి ఫ్లాపీలలో చేతులు మారుతూ మాస్కో దాటింది.

ఆట ఎవరిదన్న ప్రశ్న అప్పుడు తలెత్తింది. పజిత్నోవ్ తన హక్కులను పదేళ్లపాటు గణన కేంద్రానికి ఒప్పగించారు. బుడాపెస్ట్‌లో ఈ ఆటను చూసిన లండన్ వ్యాపారి రాబర్ట్ స్టెయిన్, మాస్కో నుంచి వచ్చిన టెలెక్స్ జవాబునే అంగీకారంగా భావించి, ఒప్పందం కుదరకముందే బ్రిటిష్, అమెరికన్ సంస్థలకు అమ్మివేశారు. 1989 ఫిబ్రవరిలో సోవియట్ ప్రభుత్వ సంస్థ ఎలోర్గ్ కార్యాలయానికి స్టెయిన్‌తోపాటు మరో ఇద్దరు ఒకే వారంలో విడివిడిగా వచ్చారు. ఎలోర్గ్ అధికారి నికొలాయ్ బెలికోవ్ అప్పుడు చేసిన పని ముసాయిదాలు రాసేవారికి ఆసక్తి కలిగించక మానదు. కంప్యూటర్ అంటే తెర, కీబోర్డు, డిస్కు నడిపే సాధనం ఉన్న యంత్రమని ఒక నిర్వచనం చేర్చి, దాని మీద స్టెయిన్ సంతకం తీసుకున్నారు. ఆ ఒక్క వాక్యంతో టీవీకి తగిలించే ఆట యంత్రాలూ, అరచేతి యంత్రాలూ స్టెయిన్ పరిధి నుంచి తప్పుకున్నాయి. హెంక్ రోజర్స్ మధ్యవర్తిత్వంతో అవి జపాన్ సంస్థ నింటెండోకు దక్కాయి. ఆ సంస్థ అరచేతి యంత్రం గేమ్‌బాయ్ మీద టెట్రిస్ సుమారు 3 కోట్ల 50 లక్షల ప్రతులు అమ్ముడైంది. సృష్టికర్తకు రాయల్టీ అందడం మొదలైంది మాత్రం 1996లో.

1990లలో భారతదేశపు బజార్లకు 'బ్రిక్ గేమ్' అనే చవక యంత్రాలు వచ్చాయి. వాటి మీద 9999 ఆటలని రాసి ఉండేది. లెక్కకు ఎన్ని ఉన్నా పిల్లలు ఆడింది ఎక్కువగా దీనినే. పజిత్నోవ్ పేరు గాని, టెట్రిస్ అన్న పేరు గాని వారిలో చాలామంది వినలేదు.

ఇంతమందిని పట్టి ఉంచిన నియమాలు నాలుగు మాటల్లో ముగుస్తాయి. పది గడుల వెడల్పు, ఇరవై గడుల ఎత్తు ఉన్న బావిలోకి ముక్కలు ఒకదాని వెంట ఒకటి దిగుతాయి. వరుస పూర్తిగా నిండితే చెరిగిపోతుంది, ఖాళీ ఉంటే నిలిచిపోతుంది. పేరుకున్న గుట్ట పైకప్పును తాకితే ఆట ముగిసినట్లే. నింటెండో వారి 1989 నాటి టీవీ ఆటలో ఒక్క వరుస చెరిపితే తొలి లెవెల్‌లో 40 పాయింట్లు. నాలుగు వరుసలు ఒకేసారి చెరిపితే 1200. నాలుగింటిని కలిపి చెరపగలది నిలువు కడ్డీ ఒక్కటే. అది వస్తుందన్న ఆశతో ఒక పక్క సందు వదిలి గుట్టను ఎత్తుగా పేర్చుకుంటూ పోవడం, అది ఎంతకూ రాకపోవడం ఆటగాళ్లందరూ ఎరిగిన వేదన. ఆ స్థితికి వారు పెట్టిన పేరు 'కరువు'. యంత్రం బలవంతపెట్టదు, ఆశ మాత్రమే పెడుతుంది.

మనస్తత్వ శాస్త్రజ్ఞులూ ఈ ఆటను పరిశీలించారు. 1994లో డేవిడ్ కిర్ష్, పాల్ మాగ్లియో ప్రకటించిన పరిశోధన ప్రకారం, నేర్పరులు ముక్కను మనసులో తిప్పి చూసుకుని తరువాత మీట నొక్కడం లేదు. తెర మీదనే తిప్పి, చూసి, నిర్ణయిస్తున్నారు. మనసులో తిప్పడం కన్నా అది త్వరగా జరుగుతుంది. అంటే ఆలోచనలో కొంత భాగం యంత్రంలోనే సాగుతున్నదన్న మాట. 2000లో రాబర్ట్ స్టిక్‌గోల్డ్ బృందం ప్రచురించిన ఫలితం మరింత విచిత్రం. కొత్త జ్ఞాపకాలు నిలవని ఐదుగురు రోగుల చేత టెట్రిస్ ఆడించగా, ఆడినట్లు గుర్తులేకపోయినా ముగ్గురికి నిద్ర పట్టే వేళ దిగుతున్న ముక్కలు కనిపించాయి.

ఎంత నేర్పు ఉన్నా ఆట ఎప్పటికీ సాగదని గణితం 1997లో తేల్చింది. మెలిక తిరిగిన రెండు ముక్కలు, అంటే కుడివైపుదీ ఎడమవైపుదీ, ఒకదాని తరువాత ఒకటిగా వస్తూనే ఉంటే, 70 వేల ముక్కలు పడేలోగా ఎవరైనా ఓడక తప్పదని హైడీ బర్గియెల్ నిరూపించారు. పాచికల మాదిరిగా ముక్కలు యాదృచ్ఛికంగా పడే అనంతమైన ఆటలో అటువంటి వరుస ఎప్పుడో ఒకప్పుడు వచ్చే తీరుతుంది. 2000 తరువాతి రూపాలు ఏడు ముక్కలనూ సంచిలో వేసి కలిపి, ఒక్కొక్కటిగా తీసే పద్ధతికి మారాయి. దానితో ఆ ప్రమాదమూ, కరువూ తగ్గాయి. పాత ఆటను వదలని వారు మాత్రం ఆ కరువునే కోరుకున్నారు.

1989 నాటి ఆటకు 29వ లెవెల్ అంతమని చాలాకాలం నమ్మారు. తెర సెకనుకు సుమారు 60 సార్లు మారుతుంది. అక్కడ ముక్క ప్రతిసారీ ఒక గడి దిగుతుంది గనుక సెకనులో మూడో వంతులోనే అడుగు చేరుతుంది. మీటను అదిమి పట్టి పక్కకు జరిపితే సెకనుకు పది గడులే కదులుతుంది. అంచులకు చేరేలోగా కాలం మించిపోతుంది. 2010లలో కొందరు అదిమి పట్టడం మాని, వేలును కంపింపజేస్తూ నొక్కడంలో ఆరితేరారు. 2018 ప్రపంచ పోటీలో 16 ఏళ్ల యువకుడు ఆ పద్ధతితోనే ఏడుసార్లు విజేతగా నిలిచిన జోనస్ న్యూబాయర్‌ను ఓడించాడు. 2020 తరువాత మరొక ఉపాయం వచ్చింది. బొటనవేలును మీట మీద ఆనించి ఉంచి, మృదంగం మీద వేళ్లు దొర్లించినట్లు యంత్రం వెనుకవైపు మిగిలిన వేళ్లతో తడతారు. దీనికోసం కొత్త యంత్రం గాని, కొత్త నియమం గాని రాలేదు. మారినవి వేళ్లు మాత్రమే.

2023 డిసెంబరు 21న 13 ఏళ్ల అమెరికన్ బాలుడు 157వ లెవెల్‌కు చేరాడు. పాయింట్లు లెక్కకట్టే పని ఇచ్చిన వ్యవధిలో పూర్తిగాక, యంత్రమే స్తంభించింది. అప్పటివరకు మనిషి ఆడుతుండగా ఆ ఆట ఆ విధంగా ఆగిపోయిన దాఖలా లేదు. 2024 అక్టోబరులో, స్తంభించకుండా సవరించిన ప్రతి మీద మరొక యువకుడు 255వ లెవెల్‌ను దాటాడు. అంతకు మించిన సంఖ్య యంత్రం లెక్కలో లేదు. లెవెల్ మళ్లీ సున్నాకు వచ్చింది. ముక్కలు నెమ్మదిగా దిగసాగాయి. అతడు ఆడుతూనే ఉన్నాడు.