చీకటిలో చూపు పోయిన తెఱగు



ఆల్ప్సు పర్వతములకు ఆగ్నేయమున, నేటి స్లొవేనియా దేశమునందు, సున్నపురాతి గుహలు పెక్కు గలవు. వానిలోని చల్లని నీటియందు జానెడు పొడవు గలిగి, పాలిపోయిన మేనితోను ఎఱ్ఱని మొప్పలతోను ఒక జంతువు వసించుచున్నది. దానిని ఓల్మ్ అందురు. కప్పలకు దూరపు చుట్టము. పైకి కనబడు కన్నులు దానికి లేవు. పెనువానలకు అది వరదతో వెలికి కొట్టుకొని వచ్చుచుండెడిది. భూగర్భమున డ్రాగన్ అను మహాసర్పము కలదనియు, ఇవి దాని పిల్లలనియు పల్లెవారు నమ్మిరి. వల్వాసర్ అను పండితుడు 1689లో ప్రకటించిన దేశచరిత్రమున ఈ నమ్మకమును వ్రాసి, తాను మాత్రము అది యొకవిధమగు పురుగే యని తలచెను. 1768లో లారెంటి దానికి శాస్త్రనామ మిడెను.

పేరిడుట సులభము, కారణము చెప్పుట కష్టము. గ్రుడ్డు వెడలిన ఓల్మ్ పిల్లకు కన్నులుండును. పిదప వాని పెరుగుదల నిలిచి, అవి చర్మము క్రింద మఱుగుపడును. ఇట్లేల జరుగును?

వాడని అవయవము క్షీణించుననియు, ఆ క్షీణత సంతతికి సంక్రమించుననియు ఫ్రాన్సుదేశపు లామార్కు 1809లో సిద్ధాంతము చేసి, ఓల్మును ఉదాహరించెను. 1859లో డార్విన్ సయితము, చీకటిలో కన్ను నిరుపయోగమే గాని హానికరము కాదు గావున, గుహాజంతువుల అంధత్వమునకు వాడుక లేమియే కారణమనెను. ప్రకృతివరణమును స్థాపించినవాడే ఇచ్చట దానిని విడిచి పాతమార్గము పట్టుట గమనింపదగినది.

అభ్యాసము లేని విద్య మఱుగుపడునని ఉపాధ్యాయులము చెప్పుచుందుము. అది నిజమే. కాని తండ్రి మఱచిన వ్యాకరణము కుమారునకు పుట్టుమఱపు కాదు గదా! జర్మను పండితుడు వైస్మన్ 1883లో ఈ చిక్కునే విప్పెను. వెలుగులో చూపు మందగించిన జంతువు శత్రువు వాతబడును. చీకటిలో అది చూపుగలదానితో సమానముగ బ్రదికి పిల్లలను కనును. ఇట్లు కంటి లోపములు తరతరములకు పోగుపడును. అంతియ కాదు, కంటి పోషణకు ఆహారము వ్యయమగును. తిండి కఱవైన గుహలో కన్ను లేకుండుటయే లాభమని తరువాతివారు కనుగొనిరి.

ఓల్మ్ ఈడేరుటకు పదియేండ్లకు మించి పట్టును. కావున సంకర పరీక్షలకు, 1936లో శాస్త్రజ్ఞులు వర్ణించిన మెక్సికో గుహల అంధమత్స్యములు అనుకూలించెను. 2008లో బొరౌస్కీ వేర్వేరు గుహల చేపలను జతపఱుపగా, పిల్లలలో కొన్నింటికి చూపు వచ్చెను! శ్రవణకుమారుని తలిదండ్రులు అంధులు, కుమారుడు చూపుగలవాడు. ఇదియు అట్టిదే. ఒక గుహలో చెడిన జన్యువు వేఱొక గుహలో చెడలేదు; తల్లి లోపమును తండ్రియు, తండ్రి లోపమును తల్లియు పూరించిరి. చూపు ఒక్కొక్క గుహలో ఒక్కొక్క తెఱగున పోయినదని దీనివలన తేలినది.

ఓల్మ్ వాసనచేతను, నీటి కదలికచేతను ఆహారమును వెదకుకొని దీర్ఘకాలము జీవించును. చీకటి దానిని చంపలేదు. సున్నపురాతి పగుళ్లగుండ దిగుచున్న మన మురికినీరు మాత్రము చంపగలదు. ఇన్ని తరముల పండితులకు పాఠము చెప్పిన ప్రాణిని కాపాడుట మన విధి.